వరంగల్, కాజీపేట ప్రయాణికులకు: ఆన్‌లైన్ రైలు టికెట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఉండేవారికీ, జనగామ, జమ్మికుంట, మహబూబాబాద్, పెద్దపల్లి వైపు నుంచి రైలెక్కేవారికీ పదేపదే వచ్చే సందేహాలు ఇవి. రైలు వెతికే పేజీకి మన ఊళ్ల సంగతి తెలియదు, స్టేషన్ల సంగతే తెలుసు. ఏ స్టేషన్, ఏ తేదీ, ఏ కోటా అని అడిగితే దానికే జవాబు చెబుతుంది. పక్క స్టేషన్లో మంచి రైలు ఉన్నా చాలాసార్లు చూపించదు. ఇక్కడి చిక్కులన్నీ దాదాపు ఈ ఒక్క కారణం నుంచే పుడతాయి.

ఢిల్లీకి వెతికితే కొన్ని రైళ్లే కనిపిస్తున్నాయి. మిగతావి ఏమయ్యాయి?

మనకు రెండు పెద్ద స్టేషన్లున్నాయి, రెండింటికీ మధ్య పది కిలోమీటర్ల దూరమే. కానీ అన్ని రైళ్లూ రెండుచోట్లా ఆగవు. సికింద్రాబాద్ వైపు నుంచి బల్లార్ష మీదుగా ఉత్తరాదికి వెళ్లే రైళ్లు కాజీపేటలోనే మలుపు తీసుకుంటాయి, వరంగల్‌కు రావు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. చెన్నై, విజయవాడల నుంచి ఢిల్లీ వెళ్లే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటివి వరంగల్‌లో ఆగి, కాజీపేట స్టేషన్‌కు రాకుండానే బల్లార్ష దారి పడతాయి. వందే భారత్‌లదీ అదే తీరు: విశాఖపట్నం–సికింద్రాబాద్ బండి వరంగల్‌లో ఆగుతుంది, నాగ్‌పూర్–సికింద్రాబాద్ బండి కాజీపేటలో ఆగుతుంది.

అందుకే దూరప్రయాణానికి ఎప్పుడూ రెండుసార్లు వెతకండి, ఒకసారి వరంగల్ పేరుతో, ఒకసారి కాజీపేట పేరుతో. ఒక్క స్టేషనే చూసి ‘రైళ్లు లేవు’ అనుకుని ప్రయాణం మానుకున్నవారు చాలామంది ఉన్నారు. హనుమకొండలో ఉండేవారికి ఏ స్టేషనైనా ఆటోకు అందే దూరమే కదా, ఆ రెండో వెతుకులాట వదులుకోకండి.

వరంగల్ అని ఇచ్చి వెతికాను. టికెట్ మాత్రం కాజీపేట నుంచి వచ్చింది. ఎందుకు?

కొన్ని పేజీలు, యాప్‌లు దగ్గరి స్టేషన్ల రైళ్లను కూడా అదే జాబితాలో కలిపి చూపిస్తాయి. మేలు చేయాలనే ఆ ఏర్పాటు. కానీ రైలు పేరు పక్కన ఉన్న స్టేషన్ పేరు చదవకుండా నొక్కేస్తే, బండి కాజీపేటలో, మనం వరంగల్‌లో ఉంటాం. డబ్బు కట్టేముందు ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ ఒక్కసారి పైకి చదువుకోండి.

ఇక్కడే ఇంకో మాట. వరంగల్ స్టేషన్ కోడ్ డబ్ల్యూఎల్. వెయిటింగ్ లిస్టుకు వాడే పొట్టి గుర్తు కూడా అదే. స్టేషన్ పేరు పక్కన ఆ అక్షరాలు చూసి టికెట్ ఖరారు కాలేదని కంగారు పడకండి. ఖరారైందో లేదో ప్రయాణికుల పేర్ల ఎదురుగా ఉంటుంది.

హైదరాబాద్ వెళ్లే రైలు వెతికేటప్పుడు ఏ స్టేషన్ పేరు ఇవ్వాలి?

సికింద్రాబాద్ ఒక్కటే ఇస్తే సరిపోయే రోజులు పోయాయి. హైదరాబాద్ (నాంపల్లి), కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి కూడా చూడాలి. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణం జరుగుతున్నందున కొన్ని రైళ్లను అటు మళ్లించారు. చర్లపల్లి మన కాజీపేట దారిలోనే, సికింద్రాబాద్‌కు ముందే వస్తుంది. ఉప్పల్, ఈసీఐఎల్ వైపు వెళ్లేవారికి నిజానికి అదే దగ్గర. కూకట్‌పల్లి వెళ్లేవారికి మాత్రం చర్లపల్లిలో దిగితే నగరంలో ప్రయాణమే రైలు ప్రయాణమంత అవుతుంది. లింగంపల్లి దాకా వెళ్లే బండి ఉందేమో ముందు చూడండి.

అర్ధరాత్రి దాటాక వచ్చే రైలుకు ఏ తేదీ పెట్టాలి?

మీరు ఎక్కే స్టేషన్‌కు రైలు వచ్చే సమయానికి క్యాలెండర్‌లో ఏ తేదీ ఉంటే అదే. శుక్రవారం రాత్రి భోజనం చేసి స్టేషన్‌కు వెళ్లి 12.20కి ఎక్కే రైలు శనివారం తేదీది. శుక్రవారం అని టికెట్ తీసుకుంటే ఆ బండి ముందురోజు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది, డబ్బూ పోతుంది. రాత్రి 12 నుంచి 2 మధ్య రైళ్లకు ఈ పొరపాటు ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకు టికెట్ తీసేటప్పుడు ‘ఫలానా రోజు రాత్రి’ అని చెప్పడం కంటే ‘ఫలానా తేదీ తెల్లవారుజామున’ అని చెప్పడం మంచిది.

బుకింగ్ 60 రోజుల ముందు అంటారు. సరిగ్గా ఏ రోజు తెరుస్తారు? తత్కాల్ ఎప్పుడు?

2024 నవంబరు 1 నుంచి ముందస్తు గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. ఉదయం 8 గంటలకు తెరుస్తారు. తత్కాల్, అంటే అదనపు ఛార్జీతో చివర్లో తీసుకునే టికెట్లు, ఒకరోజు ముందు, ఏసీ తరగతులకు 10 గంటలకు, స్లీపర్, సెకండ్ సిట్టింగ్‌లకు 11 గంటలకు.

అసలు చిక్కు ఈ రోజుల లెక్కలో ఉంది. లెక్క మీరు ఎక్కే తేదీ నుంచి కాదు, రైలు మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీ నుంచి. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ రాత్రి న్యూఢిల్లీలో బయలుదేరి మరుసటి రోజు వరంగల్ చేరుతుంది. శుక్రవారం వరంగల్‌లో ఎక్కి చెన్నై వెళ్లాలంటే, ఆ బండి గురువారం బయలుదేరినది. కాబట్టి దాని తత్కాల్ బుధవారమే తెరుస్తారు. ఈ సంగతి తెలియక గురువారం ఉదయం ఫోను పట్టుకుని కూర్చునేవారికి అప్పటికే అయిపోయిన బెర్తులు కనిపిస్తాయి. సికింద్రాబాద్, హైదరాబాద్‌లలో పొద్దున బయలుదేరే బండ్లకు ఈ తేడా రాదు. ఎక్కడో దూరం నుంచి వచ్చే ప్రతి బండికీ మొదటి స్టేషన్ తేదీ చూసుకోవాలి.

ఆధార్ తప్పనిసరా?

ఆన్‌లైన్ తత్కాల్‌కు అవును. 2025 జులై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే ఇస్తున్నారు, అదే నెల 15 నుంచి ఓటీపీ కూడా అడుగుతున్నారు. ఏజెంట్లకు తొలి అరగంట తత్కాల్ తెరవరు. మామూలు రిజర్వేషన్‌లోనూ తెరిచిన రోజు తొలి నిమిషాలను 2025 అక్టోబరు 1 నుంచి ఆధార్ ఉన్న ఖాతాలకే కేటాయించారు, తర్వాత ఆ వ్యవధిని పెంచుతూ వచ్చారు. ఈ పని పండగ ముందురోజు పెట్టుకోవద్దు, ఈరోజే పూర్తిచేయండి. ధ్రువీకరించిన ఖాతాకు నెలకు 24 టికెట్లు, లేనిదానికి 12 అన్న పరిమితి కూడా ఉంది. రాత్రి 11.45 నుంచి 12.20 వరకు ఐఆర్‌సీటీసీ (రైల్వే టికెట్లు అమ్మే సంస్థ) సైటు మూసి ఉంటుంది, ఫోను పాడైందనుకోకండి.

విదేశాల్లో ప్రయాణాన్ని ముక్కలు చేసి టికెట్లు కొంటే చవక అంటారు. మనకూ అంతేనా?

కాదు, మన దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. బ్రిటన్‌లో ఒకే రైల్లో కూర్చుని మధ్య స్టేషన్ల దగ్గర టికెట్‌ను విడగొట్టి కొంటే చాలాసార్లు ఖర్చు తగ్గుతుంది, అందుకోసమే పనిచేసే సైట్లు కూడా అక్కడ ఉన్నాయి. భారతీయ రైల్వే ఛార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది. 200 కిలోమీటర్ల టికెట్లు రెండు కొంటే 400 కిలోమీటర్ల ఒక టికెట్ కంటే ఎక్కువే పడుతుంది. దానికి తోడు రిజర్వేషన్ ఛార్జీ, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ రెండుసార్లు కట్టాలి. స్లీపర్‌లో అవి 20, 30 రూపాయలు, థర్డ్ ఏసీలో 40, 45. కాబట్టి డబ్బు మిగులుతుందని ముక్కలు చేయకండి.

బెర్తు దొరకనప్పుడు మాత్రం విడగొట్టడం ఉపయోగపడుతుంది. వరంగల్ నుంచి ముంబైకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఖాళీ లేకపోతే, సికింద్రాబాద్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఇంకో టికెట్ తీసుకోవచ్చు. అలా చేసేటప్పుడు రెండు పీఎన్‌ఆర్‌లను (టికెట్ల నంబర్లను) జతచేయడం మరవకండి. 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ సౌకర్యం ఉంది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బు కోత లేకుండా తిరిగి వస్తుంది. ప్రయాణికుల పేర్లు రెండింటిలో ఒకేలా ఉండాలి, మొదటి బండి దిగే స్టేషనే రెండోది ఎక్కే స్టేషన్ కావాలి. జతచేయని రెండు టికెట్లకు ఆ రక్షణ లేదు.

వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు థర్డ్ ఏసీ ఇంత ఖరీదా?

ప్రతి తరగతికీ కనీస దూరం అని ఒకటుంది. దానికంటే తక్కువ వెళ్లినా అంత దూరానికీ ఛార్జీ వేస్తారు. ఎక్స్‌ప్రెస్‌ల సెకండ్ క్లాసుకు 50 కిలోమీటర్లు, చైర్ కార్‌కు 150, స్లీపర్‌కు 200, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీలకు 300. వరంగల్–సికింద్రాబాద్ దూరం 142 కిలోమీటర్లు. సెకండ్ సిట్టింగ్‌లో మీరు వెళ్లిన దూరానికే కడతారు, చైర్ కార్‌లో దాదాపు అంతే. స్లీపర్‌లో 200 కిలోమీటర్లకు, థర్డ్ ఏసీలో 300 కిలోమీటర్లకు కడుతున్నారు. పగటిపూట రెండున్నర గంటల ప్రయాణానికి పడుకునే బెర్తు కొనడం నా దృష్టిలో దండగ. విజయవాడ వెళ్లేవారికి స్లీపర్ నష్టం కాదు, 208 కిలోమీటర్లు కనీస దూరం దాటేశాయి.

ఇదే నియమంలో మనకు పనికొచ్చే వెసులుబాటు ఒకటుంది. థర్డ్ ఏసీలో 300 కిలోమీటర్ల లోపు ఎక్కడి నుంచి తీసుకున్నా ఒకే ధర. ఖమ్మం నుంచి సికింద్రాబాద్ సుమారు 250 కిలోమీటర్లు. వరంగల్ నుంచి వెయిటింగ్ లిస్టు చూపిస్తే, అదే బండిలో ఖమ్మం నుంచి ఖాళీ ఉందేమో చూడండి. ఉంటే ఖమ్మం టికెట్ తీసుకుని, బోర్డింగ్ (ఎక్కే స్టేషన్) వరంగల్ అని పెట్టుకోవచ్చు, రూపాయి కూడా ఎక్కువ పడదు.

వెనక స్టేషన్ నుంచి టికెట్ తీసుకుంటే ఖాళీ ఎలా దొరుకుతుంది? అది సరైన పనేనా?

నిబంధనలకు లోబడినదే. బండిలోని బెర్తులన్నీ ఒకే రాశిగా ఉండవు, కోటాలుగా పంచి ఉంటాయి. మొదటి స్టేషన్ నుంచి చివరిదాకా, లేదా దానికి దగ్గరగా వెళ్లేవారికి జనరల్ కోటా. దాని నిరీక్షణ జాబితా జీఎన్‌డబ్ల్యూఎల్. మధ్యలో ఉన్న కొన్ని పెద్ద స్టేషన్లకు రిమోట్ లొకేషన్ కోటా ఉంటుంది, అది ఆర్ఎల్‌డబ్ల్యూఎల్. మధ్యలో ఎక్కి మధ్యలో దిగేవారందరినీ కలిపి పూల్డ్ కోటాలో వేస్తారు, అది పీక్యూడబ్ల్యూఎల్. తత్కాల్‌ది టీక్యూడబ్ల్యూఎల్. వీటిలో ఖరారయ్యే అవకాశం జీఎన్‌డబ్ల్యూఎల్‌కే ఎక్కువ, ఎందుకంటే ఎక్కువ బెర్తులు, అందువల్ల ఎక్కువ రద్దులు ఆ కోటాలోనే. పీక్యూడబ్ల్యూఎల్ 10 కంటే జీఎన్‌డబ్ల్యూఎల్ 30 మీద నమ్మకం పెట్టుకోవచ్చు. అంకె ఒక్కటే చూసి ఎంచుకోవద్దు. యాప్‌లు చూపించే ‘ఇంత శాతం ఖాయం’ అన్నది పాత లెక్కలతో వేసిన అంచనా మాత్రమే, హామీ కాదు.

వరంగల్, కాజీపేట చాలా బండ్లకు మధ్య స్టేషన్లే. అందుకని కోటా మారేలా ఒకటి రెండు పెద్ద స్టేషన్లు వెనక్కి, లేదా ముందుకు జరిపి చూడటం వల్ల ఫలితం ఉంటుంది. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ స్టేషన్ మార్చండి, లేదంటే చార్టు (ప్రయాణికుల తుది జాబితా) సిద్ధం కాకముందు మార్చండి. మార్చకపోతే టీటీఈ మీరు రాలేదనుకుని బెర్తు ఇంకొకరికి ఇవ్వవచ్చు. మార్చాక ఇక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదు.

తక్కువ దూరానికి తత్కాల్ తీసుకోవచ్చా?

సెకండ్ సిట్టింగ్‌లో అయితే నిస్సంకోచంగా. అదనంగా 10 నుంచి 15 రూపాయలే. స్లీపర్‌లో అదనపు ఛార్జీ 100 నుంచి 200 రూపాయలు, అదీగాక తత్కాల్‌లో స్లీపర్, థర్డ్ ఏసీలకు కనీస దూరం 500 కిలోమీటర్లు. అంటే వరంగల్ నుంచి విజయవాడ వెళ్లేవారు 208 కిలోమీటర్లు ప్రయాణించి 500 కిలోమీటర్లకు కడతారు. ఖరారైన తత్కాల్ రద్దు చేస్తే ఏమీ తిరిగిరాదు. బండి మూడు గంటలకు పైగా ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే మాత్రం, అది బయలుదేరకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేసి మొత్తం డబ్బు పొందవచ్చు. ఇది తత్కాల్‌కూ వర్తిస్తుంది.

చార్టు వేశాక ఖాళీలు దొరుకుతాయా?

దొరుకుతాయి, చాలామంది అటు చూడరు. ఒకప్పుడు నాలుగు గంటల ముందు వేసే మొదటి చార్టును 2025 జులై నుంచి మరింత ముందుగా వేస్తున్నారు, ఉదయం బండ్లకు ముందురోజు రాత్రే. ఆ తర్వాత మిగిలిన సీట్లు కరెంట్ బుకింగ్ కింద అమ్మకానికి వస్తాయి. కొన్ని బండ్లలో విజయవాడ వైపు చైర్ కార్ సీట్లు చివరి గంటల్లో కూడా కనిపిస్తాయి. తత్కాల్ అదనపు ఛార్జీ కట్టేముందు ఈ దారి ఒకసారి చూడండి.

రోజూ లేదా వారానికోసారి సికింద్రాబాద్ వెళ్లేవారికి అన్నిటికంటే చవకైన మార్గం ఏమిటి?

రోజూ వెళ్తే సీజన్ టికెట్. దానికి దూర పరిమితి 150 కిలోమీటర్లు. కాజీపేట 132, వరంగల్ 142, రెండూ ఆ గీత లోపలే ఉండటం మన అదృష్టం. మూడు నెలలది తీసుకుంటే నెలసరి ధరకు 2.7 రెట్లే కడతారు. రిజర్వ్ చేసిన బోగీల్లో అది చెల్లదు, సూపర్‌ఫాస్ట్‌లకు విడిగా అదనపు ఛార్జీ ఉంటుంది.

అప్పుడప్పుడు వెళ్లేవారు బండి నంబరు చూడటం అలవాటు చేసుకోవాలి. 12, 20, 22తో మొదలయ్యేవి సూపర్‌ఫాస్ట్‌లు. శాతవాహన 12713 సూపర్‌ఫాస్ట్, గోల్కొండ 17201 కాదు. అదే వరంగల్, అదే సికింద్రాబాద్, సెకండ్ సిట్టింగ్‌లో 15 రూపాయల తేడా. కాజీపేట నుంచి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కూడా సూపర్‌ఫాస్ట్ కాదు. కుటుంబంతో వెళ్లేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

జనరల్ టికెట్ ఫోనులో తీసుకునేవారు బండి రకం సరిగ్గా ఎంచుకోవాలి. ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, ఎక్స్‌ప్రెస్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కినా తేడా సొమ్ముకు పైన కనీసం 250 రూపాయల జరిమానా పడుతుంది. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకున్నాక మూడు గంటల్లోగా, లేదా అటు వెళ్లే మొదటి బండికి బయలుదేరాలి. అందువల్ల పొద్దున్నే తీసి సాయంత్రానికి దాచుకునే వీలు లేదు.

టికెట్ ధరకు పైన వేసే రుసుముల్ని తగ్గించుకోవచ్చా?

కొంత. ఐఆర్‌సీటీసీ సౌకర్య రుసుము నాన్ ఏసీకి 15, ఏసీకి 30 రూపాయలు, యూపీఐతో కడితే 10, 20, వీటిపై జీఎస్టీ. ఇది మనిషికి కాదు, టికెట్‌కు. ఒక టికెట్‌పై ఆరుగురి దాకా పేర్లు ఇవ్వవచ్చు, తత్కాల్‌లో నలుగురి దాకా. కుటుంబమంతా ఒకే టికెట్‌పై ఉంటే రుసుము ఒక్కటే. కౌంటర్‌లో తీసుకుంటే ఈ రుసుమే ఉండదు. వేరే యాప్‌లు తమ సేవా రుసుము దీనిపైన కలుపుతాయి, చివరి పేజీలో మొత్తం చూశాకే కట్టండి.

మా నాన్నగారికి 70 ఏళ్లు. రాయితీ ఎందుకు కనిపించడం లేదు?

2020 మార్చిలో వృద్ధుల రాయితీని నిలిపివేశారు, ఇప్పటికీ పునరుద్ధరించలేదు. అంతకుముందు పురుషులకు 40, మహిళలకు 50 శాతం ఉండేది. నెలకోసారి ఆసుపత్రికి హైదరాబాద్ వెళ్లివచ్చే పెద్దవాళ్లకు అది ఎంత ఆసరాగా ఉండేదో వరంగల్ ప్లాట్‌ఫారం మీద ఎవరిని అడిగినా చెబుతారు. దాన్ని మళ్లీ ఇవ్వాలి. దివ్యాంగులకు, కొన్ని జబ్బులున్న రోగులకు రాయితీలు కొనసాగుతున్నాయి, వాటిని అడిగి తీసుకోండి. లోయర్ బెర్తు కోటా కూడా ఉంది: 60 దాటిన పురుషులు, 45 దాటిన మహిళలు ఒంటరిగా లేదా ఇద్దరుగా వెళ్లేటప్పుడు ఆ కోటా ఎంచుకోవచ్చు. ఆరుగురి టికెట్‌లో పెద్దాయన పేరు కలిపితే ఈ కోటా వర్తించదు, ఆయనకు విడిగా తీయడమే మేలు.

పిల్లల విషయం: ఐదేళ్ల లోపు బెర్తు లేకుండా ఉచితం. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి స్లీపర్, ఏసీ బెర్తు తరగతుల్లో బెర్తు వద్దంటే సగం, కావాలంటే పూర్తి ఛార్జీ. ఫారంలో బెర్తు కావాలా అన్న గడి దానంతటదే నిండి ఉంటుంది, చూసి మార్చండి.

కరీంనగర్, సిద్దిపేట, భద్రాచలం వెతికితే వింత దారులు చూపిస్తోంది.

పేజీకి బస్సులు తెలియవు. కరీంనగర్‌కు రైలంటే పెద్దపల్లి మీదుగా చుట్టే దారి. ఆర్టీసీ బస్సు నేరుగా వెళ్తుంది. సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చింది, కానీ సికింద్రాబాద్ వైపు నుంచి మాత్రమే. వరంగల్ నుంచి వెతికితే హైదరాబాద్ చుట్టి రమ్మంటుంది. భద్రాచలం రోడ్ అన్నది కొత్తగూడెం స్టేషన్, రామాలయం అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. హుజూరాబాద్‌కు జమ్మికుంట దగ్గర. ములుగు, భూపాలపల్లిలకు రైలు మార్గమే లేదు.

మేడారం జాతరకు, సంక్రాంతికి వేసే ప్రత్యేక రైళ్లు ఎందుకు కనిపించవు?

వాటిని ఆలస్యంగా ప్రకటిస్తారు, 60 రోజుల ముందు వెతికితే ఉండవు. నంబరు సున్నాతో మొదలవుతుంది. ప్రత్యేక ఛార్జీ ఉన్నవాటిలో టికెట్ మామూలుకంటే ఎక్కువ పడుతుంది. జాతర రెండేళ్లకోసారి, మాఘంలో. 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఆ రోజుల్లో రిజర్వేషన్ లేని బండ్లు కూడా వేస్తారు, అవి రిజర్వేషన్ పేజీలో అసలు రావు. వాటికోసం దక్షిణ మధ్య రైల్వే ప్రకటనలు, రైల్వే సహాయ నంబరు 139 చూసుకోవాలి. కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగాక ఇంకా సుమారు 100 కిలోమీటర్ల బస్సు ప్రయాణం ఉంటుంది కాబట్టి, సాయంత్రం చేరే బండి కంటే తెల్లవారుజామున చేరేది ఎంచుకోండి.

టికెట్ వెయిటింగ్‌లోనే ఉండిపోతే?

ఆన్‌లైన్‌లో తీసుకుని అందరి పేర్లూ వెయిటింగ్‌లోనే ఉంటే, చార్టు వేశాక దానంతటదే రద్దవుతుంది, క్లర్కేజీ (రద్దుకు పట్టుకునే చిన్న రుసుము) పోను డబ్బు ఖాతాకు వస్తుంది. ఆ టికెట్‌తో రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క. కౌంటర్ టికెట్ అలా రద్దు కాదు. బండి సమయానికి అరగంట ముందుగా మీరే రద్దు చేసుకోవాలి, లేకపోతే ఏమీ రాదు. బుక్ చేసేటప్పుడు వికల్ప్ అనే గడి ఎంచుకుంటే, అదే దారిలో ఇంకో బండిలో ఖాళీ ఉన్నప్పుడు అదనపు ఛార్జీ లేకుండా అందులోకి మార్చవచ్చు. అలా మారినప్పుడు మీరు ఎక్కే స్టేషన్ కూడా దగ్గరలోని మరో స్టేషన్ కావచ్చు. చార్టు వేశాక పీఎన్‌ఆర్ తెరిచి, వరంగలో కాజీపేటో చూసుకున్నాకే ఆటో మాట్లాడుకోండి.